వాన అనే మాటకు ఏ రంగు వేయాలి?

ప్రతి ఇంట్లోనూ కంప్యూటరు చదువు చదివిన పిల్ల ఒకతె ఉండాలి. ఆ పిల్ల పొద్దున కాఫీ తాగింది మొదలు దీపాలు పెట్టేదాకా అందులోని అక్షరాలకు రంగులు మారుస్తూ కూర్చోవాలి. అసలు పని జోలికి మాత్రం పోకూడదు. అలాంటి పిల్ల ఉన్న ఇల్లే ఇల్లు! మిగతావన్నీ గోడలూ రేకులూ.

నవ్వుతున్నారా? నవ్వండి. మా వీధిలోకి మొదటిసారి గ్యాసు పొయ్యి వచ్చినప్పుడూ అందరూ ఇలాగే నవ్వారు. దాని మీద వండిన పప్పు తింటే కడుపులో మంట అంటుకుంటుందని మా తోడికోడలు చాలాకాలం మా ఇంట్లో మంచినీళ్లు తప్ప ముట్టలేదు. ఇప్పుడు ఆవిడ ఇంట్లో రెండు పొయ్యిలు. కాబట్టి ముందు నేను చెప్పేది వినండి. నవ్వడానికి చివర్లో చోటు మిగిలితే అప్పుడు చూసుకుందాం.

మాది అద్దంకి దగ్గర పల్లె. మా అబ్బాయి నాగేంద్రబాబు మిరప వేస్తాడు. వాడి కూతురు అఖిల ఇంజినీరింగు చదివి, ఏదో కంపెనీకి ఇంట్లో కూర్చునే పని చేస్తుంది. ఆ కంపెనీ పని ఎలా సాగుతుందో నాకు తెలియదు, అది కంపెనీ వాళ్ల ఖర్మ. నేను చెప్పబోయేది ఆ పిల్ల వాళ్ల నాన్న కోసం సొంతంగా తలపెట్టిన పని గురించి.

మిరప పండించడం ఒక కష్టం, ఎండబెట్టడం ఇంకో కష్టం. కోసిన కాయంతా ఇంటి పక్కన కల్లంలో పరుస్తాం. అంటే ఏడాది కష్టం మొత్తం పైకప్పు లేకుండా నేల మీద పడుకుని ఉంటుందన్నమాట. ఆ రోజుల్లో ఒక్క జల్లు పడిందా, ఎర్రటి కాయ తెల్లగా పాలిపోతుంది. దాన్ని మేము తాలు అంటాం. తాలు కాయను కొనేవాడు మొహం అటు తిప్పుకుని కొంటాడు. పోయినేడు మా కల్లంలో సగం తాలయింది. మా అబ్బాయి చాలా రోజులు ట్రాక్టరుతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

అది చూసి అఖిల ఈ ఏడు మాట ఇచ్చింది.

“నాన్నా, ఈసారి నీ కల్లంలో ఒక్క కాయ తడవదు. నువ్వు కాపలా కూడా ఉండక్కర్లేదు. పూచీ నాది.”

ఎలాగంటే, కల్లం మధ్యలో ఒక గుంజ పాతారు. గుంజకు ఒక పెట్టె. గాలిలో తేమ పెరిగి వాన వచ్చేలా ఉంటే ఆ పెట్టెకు ముందే తెలుస్తుందట. తెలియగానే సైరన్ మోగిస్తుంది. మేమంతా పరిగెత్తి కాయల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పేస్తాం. దాచేపల్లి వైపు పాత ఇనుము కొట్లో సైరన్ దొరికింది. ఎప్పుడో ఏదో ఫ్యాక్టరీలో మోగినదట. కరెంటు పని చేసే జోసఫ్ దాన్ని గుంజకు బిగించి ఒక్కసారి మోగించి చూపించాడు. మా గేదె తాడు తెంపుకుని మేదరమెట్ల దాకా పోయింది. అంత మంచి సైరన్!

ఇక మిగిలిందల్లా పెట్టె ఎప్పుడు ఏం చేయాలో దానికి అర్థమయ్యే భాషలో రాసి పెట్టడం. దాన్ని ప్రోగ్రాం అంటారు. అఖిల రాయడానికి కూర్చుంది. కూర్చుంది గానీ రాయలేదు. రంగులు మొదలుపెట్టింది.

ఇక్కడే చాలామంది తొందరపడి పిల్లను తిడతారు. సంగతి తెలియక తిట్టడం అది. ప్రోగ్రాం రాసుకునే చోటును ఎడిటర్ అంటారు. ఊరికే రాస్తే అందులో అన్ని మాటలూ ఒకే రంగులో ఉంటాయి. సింటాక్స్ హైలైటింగ్ అని ఒకటుంది, అది పెట్టుకుంటే ఏ జాతి మాటకు ఆ రంగు వస్తుంది. మిషన్‌కు పుట్టుకతోనే తెలిసిన మాటలకు ఒక రంగు. కోట్‌లు, అంటే కొటేషన్ గుర్తులు, వాటి మధ్య పెట్టి, ఉన్నదున్నట్టు పలకమని చెప్పే మాటలకు ఒక రంగు. అంకెలకు ఇంకొకటి. మనుషులు మనుషుల కోసం రాసుకునేవి, మిషన్ చదవకుండా దాటేసేవి కొన్ని ఉంటాయి. వాటిని కామెంట్లంటారు. వాటికి బూడిద రంగు.

ఈ చివరిది విని నాకు చాలా తృప్తి కలిగింది. ఇంట్లో నేను మాట్లాడే మాటలన్నీ ఏ రంగులో ఉంటాయో ఇన్నేళ్లకు తెలిసింది.

అఖిల చెప్పిన దాని ప్రకారం రంగులు కుదరకపోతే కన్ను అలుస్తుంది, కన్ను అలిస్తే బుర్ర అలుస్తుంది, బుర్ర అలిస్తే తప్పులు వస్తాయి. రంగులు కుదిరేసరికి కన్నూ బుర్రా రెండూ అలిసిపోతాయి కాబట్టి ఆ పూటకు ప్రోగ్రాం రాయదు. రాయలేదు కాబట్టి తప్పులూ రావు. ఎంత పకడ్బందీ ఏర్పాటో చూశారా? పని చేసేవాడి చేతిలో తప్పు జరగని రోజు ఉందా? రంగులు దిద్దుకునేవాడి చేతిలో జరిగిన రోజు ఉందా?

ఇదేం కొత్త విద్య కాదు. మా మామగారి తమ్ముడు బుల్లయ్య అని ఉండేవాడు. ఎడ్ల పందేల పిచ్చి. పందేనికి ముందు ఎద్దుల కొమ్ములకు రంగులు వేసేవాడు. ఒక ఏడు ఎడమ ఎద్దుకు నీలం, కుడి ఎద్దుకు పసుపు వేశాడు. నచ్చలేదు. తుడిచి, అటుది ఇటూ ఇటుది అటూ వేశాడు. అదీ నచ్చలేదు. అక్కడి నుంచి గిట్టలకు దిగాడు, గిట్టల నుంచి మూపురానికి ఎక్కాడు. ఎద్దులకు మేత వేయడానికి, బండ లాగించి అలవాటు చేయడానికి తీరికేదీ? పందెం రోజున కాడి కడదామంటే రెండెద్దులూ ఒకదాన్నొకటి చూసి బెదిరిపోయి చెరో ఊరు పట్టాయి. బండ కదల్లేదు.

కానీ ఈ రోజుకీ మా ఊళ్లో ఎవరినైనా అడగండి, ఆ ఏడు పందెం ఎవరు గెలిచారని. గుర్తులేదంటారు. బుల్లయ్య ఎద్దుల రంగులేమిటని అడగండి. పాలు తాగే పిల్లకాయ కూడా చెబుతాడు. మరి నిలిచేది ఏది?

పైగా ఇది ఒక్కసారి పూసి వదిలేసే రంగు కాదు. మిషన్ భాషలు చాలా ఉన్నాయట. కల్లంలో పెట్టె మాట్లాడేది ఒక భాష. మా అబ్బాయి ఫోను మాట్లాడేది ఇంకో భాష. ఈ రెంటి మధ్యా దుబాసీగా మూడో భాష. ఒక్కో భాషకు ఎడిటర్‌లో ఒక్కో మోడ్. ఒక మోడ్‌లో పెట్టిన రంగు ఇంకో మోడ్‌లో చెల్లదు. అదే ఆడపిల్ల పుట్టింట్లో ఒకలా, అత్తింట్లో ఒకలా ఉండదూ, అలాగ. మళ్లీ మొదటి నుంచి అన్నీ దిద్దాలి.

అన్నిటికంటే ఎక్కువ కాలం దేనికి పట్టిందో తెలుసా? ఏ మాటకు ఏ రంగో రాసిపెట్టుకునే ఫైలు ఒకటి ఉంటుంది. అది తెరిచి చూస్తే అందులోని మాటలకు రంగుల్లేవు! ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా? ఊరందరికీ బట్టలు కుట్టే మనిషి గోచీ పెట్టుకుని తిరిగినట్టుంది. అందుకని రంగులు రాసే ఫైలుకు రంగులు వేయడానికి అఖిల ఒక మోడ్ తయారుచేసింది. ఆ మోడ్‌కు మళ్లీ ఒక ఫైలు. దానికి రంగుల్లేవు.

నేను మజ్జిగ తీసుకెళ్లిన ప్రతిసారీ “ఇదొక్కటీ అయిపోతే రాసేస్తా నానమ్మా” అనేది. ఎదురుచూడటానికి ఏదో ఒకటి ఉన్న ఇల్లు ఎంత కళగా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

బ్రాకెట్ల సంగతి ఇంకా బాగుంటుంది. ప్రోగ్రాంలో బ్రాకెట్ తెరిస్తే ఎక్కడో మూయాలి. ఏది దేనికి జతో తెలియడానికి జతకో రంగు వేసింది. నాకు మా అత్తగారు గుర్తొచ్చింది. కోటప్పకొండ తిరునాళ్లలో తప్పిపోకుండా పిల్లలందరికీ ఒకే తానులో చొక్కాలు కుట్టించేది. ఒక ఏడు నరసరావుపేట వాళ్లెవరో అదే తానులో గుడ్డ కొన్నారు. మేము తలలు లెక్కబెట్టుకుని, సరిపోయాయని ఇంటికొచ్చేసి, కాళ్లు కడిగి అన్నాలు పెట్టాక చూస్తే అందులో ఒకడు మా వాడు కాదు. మా వాడు నరసరావుపేటలో పూర్ణాలు తింటున్నాడు. ఇదంతా చెబితే అఖిల, ఆ తప్పు తన బ్రాకెట్లలో జరగకుండా ఇంకొన్ని రంగులు కలిపింది. పెద్దల అనుభవం వృథా పోకూడదుగదా!

ఒకరోజు నేను వెళ్లేసరికి స్క్రీను పై నుంచి కింద దాకా ఒకే ఆకుపచ్చ. ఎక్కడో ఒక కోట్ తెరిచి మూయడం మరిచిందట. అక్కడి నుంచి ఉన్నదంతా కోట్ లోపలి మాటలే అనుకుని ఎడిటర్ ఆకుపచ్చ పూసేసింది. శ్రావణంలో పత్తి చేలా కళకళలాడుతోంది. అలాగే ఉంచమన్నాను. వినలేదు.

ఇక అసలు లాభానికి వస్తాను. మా ఇంట్లో తండ్రీ కూతురూ మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు. పోట్లాటేం లేదు. వాడికి పురుగుమందుల గురించి తప్ప ఏమీ తెలియదు, దానికి పురుగుమందుల గురించి తప్ప అన్నీ తెలుసు. ఏం మాట్లాడుకుంటారు? రంగులే వాళ్లను కలిపాయి.

ఒక మధ్యాహ్నం మా అబ్బాయి గది గుమ్మంలో నిలబడి చూస్తుండగా స్క్రీను మీద ఒక మాట ఎర్రగా వెలిగింది. అదేమిటని అడిగాడు. తప్పు రాస్తే ఎరుపు వస్తుందని అఖిల చెప్పింది. అంతే. చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

“ఎరుపు తప్పా? ఎవరే నీకు చెప్పింది? ఎరుపు అమ్ముకునేగా నిన్ను చదివించింది. తప్పంటే తాలు. తాలు రంగు వెయ్.”

“ప్రపంచమంతా తప్పుకి ఎరుపే నాన్నా.”

“ప్రపంచమంతా మిరప వేస్తుందా?”

ఈ సంగతి ఇంజినీరింగులో చెప్పలేదట. ఆ పిల్ల సరేనంది. ఆనాటి నుంచి మా ఇంటి కంప్యూటరులో మంచి మాట ఎరుపు, తప్పు మాట తాలు.

అయితే నల్లటి స్క్రీను మీద ఆ ఎరుపు కంటికి ఆనలేదు. ఎరుపు ఆనాలంటే కింద కల్లం నేల ఉండాలన్నాడు మా అబ్బాయి. గుప్పెడు కల్లం మట్టి తెచ్చి కంప్యూటరు పక్కన పోశాడు. అఖిల ఆ మట్టితో సరిపోయే రంగు వెతికి వెనకంతా పరిచింది. ఎంత బాగుందనుకున్నారు! ఎండిన నేల మీద ఎర్రటి కాయలు ఆరబోసినట్టు వరసలు వరసలుగా అక్షరాలు. మా కోడలు అంగన్‌వాడీ నుంచి వచ్చి చూసి, అంకెలకు పసుపు పూయమంది. పూశారు. తండ్రీ కూతురూ తలలు దగ్గర పెట్టుకుని చూస్తుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరప ఘాటు కూడా కొంత ఉంది లెండి.

ఆ కల్లం రంగు వల్ల ఒక పెళ్లి సంబంధం కూడా తప్పిపోయింది. అదీ మేలే. పిడుగురాళ్ల వాళ్లు, సున్నం బట్టీల కుటుంబం. అబ్బాయిదీ కంప్యూటరు ఉద్యోగమే. ఇద్దరినీ మాట్లాడుకోమని వదిలాం. కాసేపటికి ఇద్దరూ మొహాలు ముడుచుకుని బయటికి వచ్చారు. అతను నల్లటి స్క్రీను మీద రాస్తాడట, ఇంకే రంగూ కంటికి పట్టదట. సున్నం బట్టీ వాళ్ల పిల్లాడికి తెలుపే పడకపోతే ఇక మన పిల్లను ఏం చూసుకుంటాడు? మా కాలంలో ఇలాంటి సంగతులు బిడ్డలు పుట్టాక బయటపడేవి. ఇప్పుడు కాఫీలు తాగేలోపే తేలిపోతున్నాయి!

ఎరుపు గొడవ వీధిలో పాకింది. పక్కింటి జుబేదా నా ఈడుది. తాలు ఏరే ఆడవాళ్ల జట్టుకు మేస్త్రి. ఆమె కొడుకు ఖలీల్ మిరప కొని గుంటూరు యార్డుకు తోలుతాడు. వాళ్లను పిలవకుండా ఎరుపు తేల్చేయడం మర్యాద కాదుగదా, పిలిచాం.

ఖలీల్ స్క్రీను చూసి పెదవి విరిచాడు. అది తేజ రకం కాయ ఎరుపు కాదు, బాడిగ రకం ఎరుపూ కాదు, కోల్డ్ స్టోరేజీలో మరిచిపోయిన ఎరుపు అన్నాడు. జేబులోంచి ఒక కాయ తీసి స్క్రీనుకు ఆనించి పట్టుకున్నాడు.

“ఇలాంటి ఎరుపు నేను కొనను పెద్దమ్మా,” అన్నాడు నాతో.

నా పరువు ఏం కావాలి? ఇంకొంచెం ముదర పెట్టమన్నాను. అఖిల పెట్టింది. ఖలీల్ తల అడ్డంగా ఊపాడు. ఇంకొంచెం. సాయంత్రానికి ఆ కాయ ఎక్కడ ముగిసి అక్షరం ఎక్కడ మొదలైందో కనపడనంతగా కలిసిపోయింది. ఖలీల్ కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇప్పుడు సరుకయిందన్నాడు.

ఈ సందడిలోనే అఖిల అసలు ప్రోగ్రాం కూడా రాసేసింది. అది చిన్నదే. రంగులు దిద్దిన దానితో పోలిస్తే గోరంత. దాన్ని కల్లంలో పెట్టెకు పంపే మీట కూడా నొక్కేసింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జుబేదా ఒక్కతే మేస్త్రి కన్నుతో ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, ఇందులో తాలు ఎక్కడుంది అమ్మాయ్, నాకు ఒక్కటీ కనపడటం లేదే అంది. తాలు ఏరడంలో జుబేదా కన్ను తప్పదు. ఆమె లేదంటే లేనట్టే. మా అబ్బాయి ఆ పూట మీసం దువ్వుకుని అన్నం తిన్నాడు.

జనం పెరిగారు. గది చాలలేదు. కంప్యూటరును వరండాలోకి మార్చాం. అక్కడ ఎండ వెలుగు స్క్రీను మీద పడి, అంత కష్టపడి తెచ్చిన ఎరుపు వెలవెలబోయింది. ఎండను ఆపేదెలా? కల్లం గట్టున కాయల మీద కప్పే పట్టాలు మడతపెట్టి ఊరికే పడి ఉన్నాయి. నీలం రంగు ప్లాస్టిక్‌వి, పెద్దవి. సైరన్ మోగినప్పుడు తీసుకెళ్లొచ్చులే అన్నాడు మా అబ్బాయి. జోసఫ్, ఖలీల్ కలిసి వాటిని వరండా చుట్టూ, పైన కూడా బిగించి కట్టారు. జోసఫ్ ముడి వేస్తే అది ఇక జోసఫ్ కూడా విప్పలేడు. అంత నిఖార్సైన పని!

నీలం పట్టాల కింద ఎరుపు వంగపండు రంగుకు తిరిగింది. మళ్లీ మొదటి నుంచి. ఎవరైనా విసుక్కున్నారా? లేదు. ఖలీల్ ఇంటికి పోయి ఇంకో గుప్పెడు కాయలు తెచ్చాడు.

అప్పుడు వచ్చింది పెద్ద చిక్కు. ప్రోగ్రాంలో వాన అనే మాట ఉంది. నాన్న చదువుకోవడానికి వీలుగా అఖిల ఆ మాటను తెలుగులోనే పెట్టింది. ఇంత ముఖ్యమైన మాట మిగతా మాటల్లో కలిసిపోతే ఎలా? దానికి వేరే రంగు ఉండాలి. ఏ రంగు?

పచ్చ అన్నాడు మా అబ్బాయి. వాన పడితేనేగా పైరు. కల్లంలో కాయ పెట్టుకుని వాన పచ్చేమిటి, బుద్ధి ఉందా, తాలు రంగు వేయండి అంది జుబేదా. కోల్డ్ స్టోరేజీలో సరుకు ఉన్నవాడికి ఈ నెలలో వాన బంగారమని ఖలీల్ మెల్లిగా అన్నాడు. వాళ్లమ్మ వాడి వంక చూసిన చూపుకు ఆ మాట అక్కడితో ఆపేశాడు.

అఖిల తెలివైన పిల్ల. నెలను బట్టి మోడ్ మారేలా చేద్దామంది. జ్యేష్ఠంలో వాన పచ్చ. ఫాల్గుణంలో వాన తాలు. పొలం మోడ్ ఒకటి, కల్లం మోడ్ ఒకటి. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక, అధికమాసం వస్తే ఎలాగని మా కోడలు అడిగింది. అది తేలకముందే, మా నెలలు కూడా కలుపమ్మాయ్, అవి ఏటికేడు వెనక్కి జరుగుతుంటాయి, జాగ్రత్తగా చూసుకో అంది జుబేదా. అఖిల మొహం వెలిగిపోయింది. ఇంత పని దొరుకుతుందని పాపం ఆ పిల్ల కూడా అనుకోలేదు.

వానకు రంగేమిటర్రా, అది వచ్చేది పైనుంచి గదా, ఒకసారి బయటికి చూడండి అని నేను అన్నాను. బూడిద రంగు మాట. దాటేశారు.

అప్పుడు పైన పట్టా మీద టపటపమని చప్పుడయింది.

మా అబ్బాయి చెయ్యెత్తి అందరినీ ఊరుకోమన్నాడు. చెవి పెట్టి విన్నాడు.

“సైరన్ మోగలేదు కదా,” అన్నాడు. “వాన కాదు. కోతులు.”

“చాలా ఉన్నట్టున్నాయి బాబన్నా,” అన్నాడు ఖలీల్ పైకి చూస్తూ.

“ఈ మధ్య మందలుగా దిగుతున్నాయిలే.”

మళ్లీ పనిలో పడ్డాం. కోతులు ఎక్కువయ్యాయి. కాసేపటికి కోతులు ఉరిమాయి కూడా. ఎంత ఉరిమినా సైరన్ మోగలేదు కాబట్టి ఎవరూ నమ్మలేదు. సైరన్ మీద అంత గురి! ఏ ఇంట్లో పిల్లల చదువు మీద పెద్దవాళ్లకు ఇంత నమ్మకం ఉంటుంది చెప్పండి? వరండా మెట్టు కింద నుంచి నీళ్లు పారుతుంటే జుబేదా పట్టా కొస కొంచెం ఎత్తి బయటికి చూసింది. చూసి, కొడుకు వైపు తిరిగింది.

“ఒరేయ్ ఖలీలూ, కోతులు కల్లంలో కాలవ తవ్వాయిరా.”

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏం లేదు. అందరూ లేచారు. పట్టాలు కావాలి. పట్టాలు వరండాకు ఉన్నాయి. ముడులు జోసఫ్‌వి. కత్తిపీట తెచ్చి కోసేసరికి వాన వెలిసింది. ఆ పట్టాలు ఎంత మంచివో ఆరోజే తెలిసింది. వరండాలో ఒక్క చుక్క పడలేదు, ఒక్క అక్షరం తడవలేదు. బయట మా అబ్బాయి ఏడాది కష్టం గుంజ చుట్టూ గుండ్రంగా తేలుతోంది.

సైరన్ ఎందుకు మోగలేదో తెలుసుకోవడానికి అఖిల కంప్యూటరు ముందు కూర్చుంది. వెనక ఉన్న కల్లం రంగు తీసేసి, పాత నలుపు పెట్టింది. పెట్టగానే ప్రోగ్రాం నిండా చాటెడు తప్పులు తెల్లగా మెరిశాయి. తాలు రంగు తప్పులు, అంతే పాలిపోయిన కల్లం రంగు నేల మీద కలిసిపోయి ఇన్నాళ్లూ ఎవరికీ కనపడలేదు. ప్రోగ్రాంను పంపినప్పుడే పెట్టె అది నాకొద్దందట. వద్దన్న మాట కూడా తప్పు రంగులోనే వచ్చిందట. కల్లంలో పెట్టె మొదటి నుంచీ ఖాళీగానే వేలాడుతోంది.

అఖిల కంప్యూటరు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“నీకు మాటిచ్చాను నాన్నా,” అంది.

మా అబ్బాయి కల్లంలోంచి అప్పుడే వచ్చాడు. చేతిలో తడిసి పాలిపోయిన కాయ ఒకటి ఉంది. దాన్ని స్క్రీను మీది తప్పుల పక్కన ఆనించి చాలాసేపు చూశాడు.

“రంగు మాత్రం సరిగ్గా కుదిరిందమ్మా,” అన్నాడు.

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఖలీల్ తన కాయలు తీసుకుని చప్పుడు చేయకుండా వెళ్లిపోయాడు. జుబేదా జట్టును పిలిచింది. ఆడవాళ్లంతా కల్లంలో కూర్చుని తాలు ఏరారు. ఎర్రటివి చిన్న కుప్ప. తెల్లటివి పెద్ద కుప్ప. మా అబ్బాయి మళ్లీ ట్రాక్టరుతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఇక్కడికి మీరు, అయితే రంగులు మంచివి కాదన్నమాట అనుకుంటున్నారు కదూ? తొందరపడకండి. మా ఇంట్లో వాళ్లు మీకంటే లోతుగా ఆలోచించారు. తప్పు అఖిలది కాదు, తాలు రంగుది కాదు, కల్లం మట్టిది అసలే కాదు, ఆ ఎడిటర్‌ది అని తేల్చారు. దాన్ని తీసి పారేశారు. ఇంకో ఎడిటర్ వచ్చింది. అందులో మోడ్‌లు ఇంకా ఎక్కువ. ఒక్కో మాట రంగు మారడమే కాదు, కావాలంటే మినుకు మినుకుమంటుంది కూడా. తప్పులు ఈసారి మిణుగురుల్లా మెరవాలని మా అబ్బాయే అడిగాడు. ట్రాక్టరును వదిలి వచ్చి మరీ అడిగాడు.

పాత ఎడిటర్‌లో పెట్టిన రంగులు కొత్తదానిలో చెల్లవు. మళ్లీ మొదటి నుంచి దిద్దాలి. అఖిల మళ్లీ వరండాలో కూర్చుంది. ఖలీల్ జేబులో కాయలతో వచ్చాడు. జుబేదా కళ్లజోడు తుడుచుకుంటోంది. జోసఫ్ కొత్త తాళ్లు తెచ్చాడు. ప్రోగ్రాం మాత్రం ఇంకా రాయలేదు. రంగులు అయిపోతే రాసేస్తుంది.

ఈలోగా చేలో మిగిలిన కాయ కోత అయిపోయింది. ఈ ఏడాదికి మాకు మిగిలింది అదొక్కటే. అది కల్లంలో పరిచి ఉంది. ఎర్రగా ఉంది, స్క్రీను మీదికంటే ఎర్రగా ఉంది, కానీ ఆ మాట నేను పైకి అనలేదు.

వరండాకు కట్టాలి, పట్టాలు ఇవ్వమని మా అబ్బాయి వచ్చి అడిగాడు. ఇవ్వలేదు. మడతపెట్టి కల్లం గట్టున వాటి మీద కూర్చున్నాను. లేవమంటే మోకాళ్ల నొప్పి అన్నాను. ఇదంతా అలా కూర్చునే రాస్తున్నాను. ఎండకు వరండాలో వాళ్లు దుప్పటి కట్టుకున్నారు. బాగానే ఉంది.

దర్శి వైపు ఆకాశం కాస్త నల్లబడింది. ఇప్పుడే రెండు మూడుసార్లు పిలిచాను. ఒక్క నిమిషం అంటున్నారు అందరూ, ఒకే గొంతుతో. అంత ఐకమత్యం!

మీరు కూడా తీరిక చేసుకుని రండి. ఇంత మంచి రంగులు ఈ చుట్టుపక్కల ఎక్కడా లేవు, మిరప పంట మీద ఒట్టు. వరండా నిండా చాపలు వేశాం, అందరికీ చోటుంది. ఒకటే చిన్న మనవి. లేచి పట్టా విప్పాను, చాలా పెద్దది. ఒక కొస నేను పట్టుకుని లాగగలను గానీ, రెండో కొస గాలికి లేచిపోతోంది. వరండా ఎక్కే ముందు మీలో ఎవరో ఒకరు ఇటు కల్లంలోకి వచ్చి, ఆ కొస పట్టుకోండి నాయనా. కప్పేశాక రంగులు తీరిగ్గా చూద్దురుగాని.